ఫైలు ఎక్కడ ఆగినది?

(సాంస్కృతిక సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సచివాలయమున పనిచేయు వారికి "ఫైలు ఎక్కడ ఆగినది?" అను ప్రశ్న క్రొత్తది కాదు. కాగితపు ఫైళ్ల కాలమున దీనికి సమాధానము చెప్పుటకు ఒక పుస్తకము ఉండెడిది. ఏ తేదీన ఏ బల్ల నుండి ఏ బల్లకు ఫైలు పోయినదో అందు వ్రాసి యుండెడిది. పుస్తకము తెరచినచో ఆగిన చోటును వ్రేలు పెట్టి చూపవచ్చును. నేడు నోటింగు పని చాలవరకు ఈ-ఆఫీసులోనికి పోయినది. అయినను చిత్తుప్రతులు, పట్టికలు, స్కాను చేసిన పత్రములు, పాత నమూనా లేఖలు మాత్రము పదిమంది కలసి వాడుకొను ఫోల్డరులోనే ఇంకను నివసించుచున్నవి. మీట నొక్కగనే పత్రము కన్నుల యెదుట నిలువవలెను. కాని నిలువదు. తెరమీద చిన్న వలయము గిరగిర తిరుగుచుండును. ఆ సమయమున ఫైలు ఎక్కడ ఆగినదని అడిగినచో చూపుటకు పుస్తకము లేదు. "నెట్‌వర్కు నెమ్మదిగా నున్నది" అను ఒక్క వాక్యముతో అందరును సరిపెట్టుకొందురు.

ఆ వాక్యము ఫిర్యాదే గాని నిర్ణయము కాదు. వైద్యుని యొద్దకు పోయి "ఒంట్లో నలతగా నున్నది" అని చెప్పిన వానికి వెంటనే మందు దొరకదు. ఎక్కడ, ఎప్పటినుండి, ఏమి తిన్న పిమ్మట అని వైద్యుడు అడుగును. నెట్‌వర్కు విషయమునను అంతే.

ఇది యంత్రముల సంగతి, దీనితో మనుష్యుల కేమి పని అని త్రోసివేయరాదు. యంత్రపు జాప్యము చివరకు మనిషి పద్దులోనే పడును. సాయంకాలమునకు ఐదు పింఛను కేసులు ముగియవలసియుండగా మూడే ముగిసినచో, పై అధికారి కంటికి కనబడునది మూడు అను అంకె మాత్రమే. మిగిలిన రెంటికిని పట్టవలసిన కాలమంతయు తిరుగు వలయమునకు అర్పణమైనదని ఏ పట్టికయు చెప్పదు.

ఒక చిన్న కార్యాలయమును ఉదాహరణగా గైకొనవచ్చును. ఇది కల్పితమే అయినను, ఇందలి దోషములన్నియు నిత్యము కనబడునవే. పండ్రెండు బల్లలు, పండ్రెండు కంప్యూటర్లు, మూలగదిలో ఒక సర్వరు. పని వేతన బిల్లులు, పింఛను కాగితములు. అందరికంటె పెద్దవాడైన సహాయకునకు పదవీ విరమణ రెండేండ్లలో నున్నది. కొంతకాలముగా ఆయన పని వెనుకబడుచున్నది. "పెద్దాయనకు కంప్యూటరు ఒంటబట్టలేదు" అని కుర్రవారు అనుకొనుచున్నారు. ఆయన వార్షిక నివేదికలో ఆ మాటనే మరియొక మర్యాదయైన రూపమున వ్రాయుటకు విభాగాధికారి కలము సిద్ధము చేసికొన్నారు. ఇదే సమయమున క్రొత్త సర్వరు కొనవలెనను ప్రతిపాదన కూడ తయారగుచున్నది. రోగమేమో తెలియకయే రెండు తీర్పులు వెలువడబోవుచున్నవి: ఒకటి మనిషి మీద, ఒకటి ఖజానా మీద.

అట్టి తీర్పునకు ముందు నాలుగు ప్రశ్నలు వేయవలెను. జాప్యము ఎవరికి? ఏ ఫైలునకు? ఏ వేళ? ఎప్పటినుండి? అందరికిని నెమ్మదియైనచో సర్వరును, దానికి పోవు ప్రధాన మార్గమును చూడవలెను. ఒక్కరికే యైనచో వారి యంత్రమును, వారి తీగను చూడవలెను. ఒక వరుస బల్లలకే యైనచో ఆ వరుసను కలుపు పెట్టెను చూడవలెను. ప్రతి దినము ఒకే వేళ యైనచో ఆ వేళ మొదలగు పని ఏదో కలదు. ఫలానా దినము నుండి యైనచో ఆ దినమున ఏమి మారినదో విచారింపవలెను. ఈ నాలుగు ప్రశ్నలకు కాగితము, కలము చాలును.

పిమ్మట కొలత. సుమారు ఒక గిగాబైటు పరిమాణము గల ఒకే ఒక పెద్ద ఫైలును సర్వరు నుండి ప్రతి యంత్రమునకు నకలు చేసి, ఎన్ని సెకండ్లు పట్టినదో గడియారము చూచి వ్రాసికొనవలెను. ఇందు చిన్న లెక్క తెలిసియుండవలెను. తీగల వేగమును బిట్లలో చెప్పుదురు. ఫైళ్ల పరిమాణమును బైట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున సెకండునకు 1000 మెగాబిట్లు మోయు మార్గము 125 మెగాబైట్లకు మించి మోయజాలదు. ఆచరణలో సుమారు 110 దక్కును. 100 మెగాబిట్ల మార్గము 12.5 మెగాబైట్లకు మించదు. దక్కునది సుమారు 11. అనగా గిగాబైటు ఫైలు మొదటి మార్గమున తొమ్మిది, పది సెకండ్లలో వచ్చును. రెండవ మార్గమున నిమిషమున్నర పట్టును. ప్రక్క బల్లకు పది సెకండ్లు పట్టి, ఈ బల్లకు తొంబది సెకండ్లు పట్టినచో ఆ అంకెయే రోగము పేరు చెప్పుచున్నది: ఆ మార్గము 1000 నుండి 100 కు దిగిపోయినది.

ఎందుకు దిగిపోవును? కార్యాలయములలో వాడు నెట్‌వర్కు కేబులులో నాలుగు జంటల రాగి తీగలు ఉండును. 100 మెగాబిట్ల పద్ధతికి రెండు జంటలు చాలును. 1999 లో ప్రమాణముగా ఏర్పడిన గిగాబిట్ పద్ధతికి నాలుగును కావలెను. బీరువా కాలి క్రింద నలిగియో, కుర్చీ చక్రము క్రింద పడియో ఒక్క తీగ తెగినను, పెక్కు యంత్రములు సంబంధమును పూర్తిగా తెంచుకొనక తక్కువ వేగమునకు దిగి పని సాగించును. దీపము వెలుగుచునే యుండును. ఫైలు వచ్చుచునే యుండును. పదవ వంతు వేగముతో వచ్చును. పూర్తిగా చెడిన వస్తువును ఆ దినమే బాగుచేయింతురు. సగము చెడినది ఏండ్ల తరబడి ఆఫీసులో కొలువు చేయును.

ఈ దోషమును పట్టుటకు పరికరములు అక్కరలేదు. బాగుగా నడచు ప్రక్క బల్ల కేబులును ఈ యంత్రమునకు, ఈ కేబులును దానికి మార్చి మరల కొలువవలెను. జాప్యము కేబులుతో పాటు ప్రక్క బల్లకు పోయినచో దోషము కేబులుది. యంత్రముతోనే నిలచినచో యంత్రముది. రెండును మార్చినను ఆ గోడ సాకెట్టును విడువనిచో గోడలోని తీగను, దాని ఆవలి కొసను చూడవలెను. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. ఒకే ఊపున మూడు మార్పులు చేసి బాగుపడినదని సంతోషించినవాడు ఏది బాగుచేసినదో ఎన్నటికిని ఎరుగడు.

మార్గపు వేగములో ఇంకొక మోసము కలదు. ఒక కొసన వేగమును, ఇరువైపుల ఏకకాలమున మాటలాడు పద్ధతిని చేతితో నిర్ణయించి, రెండవ కొసను యంత్రమునకే వదలినచో, ఆ రెండవ కొస జాగ్రత్త కొరకు ఒకరి తరువాత ఒకరు మాటలాడు పద్ధతిని ఎంచుకొనును. ఒకరు ఆపక మాటలాడుచుండ, రెండవవారు ఎదుటివారు ఆగువరకు కాచియుందురు. చిన్న పరీక్షలలో ఈ తగవు బయటపడదు. పెద్ద ఫైలు పంపినప్పుడే మాటలు ఢీకొనును. రెండు కొసలను యంత్రములే కూడబలుకుకొనునట్లు వదలుట దీనికి చికిత్స.

గాలిలో నడచు వైఫై సంగతి వేరు. అది అందరికిని కలిపి ఒకే బావి. తోడువారు పెరిగిన కొలది ఒక్కొక్కరి వంతు తగ్గును. కదలని బల్లకు కేబులే మేలు.

ఇక సర్వరు. అందు పాతకాలపు తిరుగు డిస్కు ఉన్నదనుకొన్నచో, నిమిషమునకు 7200 చుట్లు, అనగా సెకండునకు 120 చుట్లు. కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు, అనగా సుమారు 4 మిల్లీసెకండ్లు పట్టును. సూది ఒక చోటు నుండి మరియొక చోటునకు జరుగుటకు ఇంకను కొంత కాలము. ఈ లెక్కన చెదరి యున్న చిన్న చిన్న ఫైళ్లను సెకండునకు ఒక వంద చోట్ల నుండి తీసి యిచ్చుటే గొప్ప. పండ్రెండుమంది అడుగుచుండగా పట్టపగలు బ్యాకప్పు కూడ మొదలైనచో ఆ డిస్కు ఏమి చేయగలదు? బ్యాకప్పును రాత్రికి మార్చుటకు ఖర్చు లేదు. డిస్కు దోషమును పట్టుటకు ఒక ఉపాయము కలదు: ఒకే ఫైలును వెంటవెంట రెండుసార్లు నకలు చేయవలెను. రెండవసారి సర్వరు సాధారణముగా తన జ్ఞాపకము నుండియే ఇచ్చును. మొదటిసారి నెమ్మదిగను, రెండవసారి మిక్కిలి వడిగను వచ్చినచో మార్గము మంచిది, డిస్కు అలసినది.

పెద్ద ఫైలు వడిగా వచ్చి, అంతే బరువుగల వేయి చిన్న ఫైళ్లు నత్తనడక నడచినచో ఆశ్చర్యపడరాదు. ఒక మూటను ఒకసారి ఇచ్చిపోవు తపాలా బంట్రోతునకు, వేయి ఉత్తరములను ఒక్కొక్కదానికి సంతకము తీసికొని ఇచ్చు బంట్రోతునకు ఉన్న భేదమే ఇది. ప్రతి ఫైలునకు తెరచుట, అనుమతి చూచుట, చదువుట, మూయుట అను ప్రశ్నోత్తరములు జరుగును. పైగా వైరసు నిరోధక సాధనము ప్రతి ఫైలును సర్వరు వద్ద ఒకసారి, బల్ల వద్ద మరియొకసారి తడిమి చూచును. ఆ కాపలాను తీసివేయమని ఎవ్వరును చెప్పరాదు. ఒకే ఫైలును రెండు గుమ్మములలో సోదా చేయుట అవసరమా అని భద్రత చూచు అధికారిని అడుగవచ్చును.

ఈ ప్రశ్నోత్తరములకు ఒక భాష కలదు. దానిని ఎస్.ఎమ్.బి. అందురు. 1983 ప్రాంతమున ఐ.బి.ఎమ్. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ దీనిని రూపొందించెను. పిమ్మట మైక్రోసాఫ్టు దీనిని పెంచెను. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ ప్రారంభించిన సాంబా వలన ఇతర యంత్రములును ఈ భాష మాటలాడ నేర్చినవి. మొదటి కూర్పు వాచాలము: నూటికి పైగా ఆజ్ఞలు, అడుగడుగునకు సంప్రదింపులు. 2006 లో వెలువడిన రెండవ కూర్పు ఆ ఆజ్ఞలను 19 కి తగ్గించి, పెక్కు అడుగులను ఒకే విన్నపమున చేర్చుటకు వీలు కల్పించెను.

పాత స్కానరో, పాత కాపీ యంత్రమో క్రొత్త భాష ఎరుగనప్పుడు మొదటి కూర్పును మరల తెరచు అలవాటు కొన్నిచోట్ల కలదు. అది వీధి తలుపు తీసి పండుకొనుట. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించినది ఆ మొదటి కూర్పులోని లొసుగు గుండానే. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని స్తంభించెను. ఆంధ్ర ప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సైతము దాని వాత బడెను. మైక్రోసాఫ్టు ఆ లొసుగును పూడ్చు సవరణను రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసియుండెను. తొడుగుకొనని యంత్రములే దెబ్బతినెను. 2024 లో వచ్చిన విండోస్ 11 కూర్పు ప్రతి సందేశమునకు సంతకము ఉండవలెనని సాధారణ నియమము చేసినది. దాని వలన కొద్దిపాటి వేగము తగ్గవచ్చును. ఆ కొద్ది కొరకు సంతకమును మాన్పించుట బేరములో నష్టమే. అవసరమైనచో పాత స్కానరునే మార్చవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన వివేచన యొకటి కలదు. జాప్యములు రెండు జాతులు: మోత వలన కలుగునది, ఎదురుచూపు వలన కలుగునది. ఫైలు పరిమాణముతో పాటు పెరుగునది మోత. ఫైలు చిన్నదైనను పెద్దదైనను ఒకే తీరున అర నిమిషము నిలిచి, పిమ్మట చటుక్కున తెరచుకొనునది ఎదురుచూపు. దారి ఎంత వెడల్పు చేసినను ఎదురుచూపు తీరదు. యంత్రము ఎవరికొరకో కాచియున్నది, ఎవరికొరకో కనుగొనవలెను. తరచుగా ఆ "ఎవరో" ఇప్పుడు లేని సర్వరు. ఎన్నడో తొలగించిన సర్వరునకు కట్టిన డ్రైవు అక్షరము తెరమీద ఇంకను నిలిచియుండును. వర్డులో వ్రాసిన పాత లేఖకు జతపరచిన టెంప్లేటు చిరునామా ఆ సర్వరు పేరనే యుండును. లేఖ తెరచినప్పుడెల్ల వర్డు ఆ పాత ఇంటి తలుపు తట్టి, పలికెడివారు లేక, గడువు తీరువరకు కాచి, పిమ్మట లేఖను చూపును. జతపరచిన టెంప్లేటును మార్చి లేఖను భద్రపరచినచో ఆ లేఖకు వ్యాధి తీరును.

ఇప్పుడు పండ్రెండు బల్లల కార్యాలయమునకు ఈ పద్ధతిని అన్వయింపవచ్చును. కొలత తీసినప్పుడు ఎనిమిది బల్లలకు పది సెకండ్లు పట్టినది. కిటికీ వైపు నాలుగు బల్లలకు తొంబది సెకండ్లకు పైబడినది. నాలుగు కేబుళ్లు ఒక్కసారి చెడుట అరుదు. నలుగురికిని ఉమ్మడియైనది ఒకటి ఉండవలెను. వంగి చూచినచో బల్ల క్రింద, దుమ్ములో, ఐదు రంధ్రముల చిన్న స్విచ్చు; 100 మెగాబిట్లకు మించనిది. ఎన్నడో నాలుగు ఆసనములు క్రొత్తగా వేసినప్పుడు తాత్కాలికముగా తగిలించినది. ఆ నలుగురిలో పెద్ద సహాయకుడు ఒకరు.

అయినను ఆయన కష్టమునకు అది పూర్తి సమాధానము కాదు. తక్కిన ముగ్గురు కొంత విసుగుకొనుచునే పని ముగించుచున్నారు. ఆయన తెరచు పింఛను లేఖలలో ప్రతిదియు, రెండు పుటలదైనను, అర నిమిషము నిలుచుచున్నది. మోత కాదు, ఎదురుచూపు. ఆ నమూనా లేఖలన్నియు ఆయనయే ఏండ్ల క్రిందట పాత సర్వరు మీద తయారుచేసినవి. కుర్రవారు క్రొత్త పత్రములతో పనిచేయుదురు గనుక వారికి ఈ బాధ లేదు. కార్యాలయపు జ్ఞాపకమంతయు ఎవరి చేతులలో నున్నదో వారికే అందరికంటె ఎక్కువ జాప్యము. రెండు దోషములు ఒకే పేరుతో తిరుగుచుండుట వలన ఒకరి ఫిర్యాదు మరియొకరికి నమ్మశక్యము కాలేదు. స్విచ్చు మార్చి, టెంప్లేట్లు సవరించిన పిమ్మట మరల కొలచినప్పుడు పండ్రెండు బల్లల అంకెలును ఒక్క తీరున నిలిచినవి. సర్వరు ప్రతిపాదన అవసరము లేకపోయినది. నివేదికలో వ్రాయబోయిన వాక్యము వ్రాయుటకు ఆధారము లేకపోయినది.

బరువు తగ్గించుటయు ఒక చికిత్సయే. ఎ4 కాగితమును రంగులలో అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసినచో, కుదింపక ముందు దాని బరువు 100 మెగాబైట్లు దాటును. 300 చుక్కలైనచో అందు నాలుగవ వంతు, సుమారు 26. సాధారణమైన అర్జీని చదువుటకు ఇది చాలును.

చివరగా పుస్తకము సంగతి. కాగితపు ఫైళ్లకు కదలిక పుస్తకము ఉండినట్లే నెట్‌వర్కునకును ఒక పుస్తకము ఉండవలెను. తేదీ, ఏ బల్ల, ఏ ఫైలు, మార్పునకు ముందు ఎన్ని సెకండ్లు, ఏమి మార్చినారు, పిమ్మట ఎన్ని సెకండ్లు, మార్చినవారి సంతకము. ఏడు గడులు చాలును. ఏ పెట్టె ఎక్కడ నున్నదో, ఏ తీగ ఎక్కడికి పోవునో ఒక పుటపై గీసి లోపలి అట్టకు అంటింపవలెను. తాత్కాలికముగా తగిలించిన ప్రతి వస్తువు ప్రక్కను, దానిని తీయవలసిన తేదీ వ్రాయవలెను. నెలకొకసారి అదే ఫైలును అదే పద్ధతిలో కొలచి వ్రాసినచో, జాప్యము మనుష్యుల నోట బడుటకు ముందే పుస్తకమున కనబడును.

సహోద్యోగి పని నెమ్మదిగా సాగుచున్నదని వ్రాయుటకు అధికారము గల ప్రతివారును, ఆ వాక్యమునకు ముందు ఒక్కసారి ఆ పుస్తకమును తెప్పించుకొని చూతురు గాక. ఆయన ఎదుట తిరుగుచున్న వలయము ఎవరికొరకు కాచియున్నదో తెలిసికొనిన పిమ్మట కలము తీయుట న్యాయము.